సముద్రస్నానానికి అసలు బంగారం

బందరులో మా పేట పేరు చెబితే అవతలివాళ్ళ చూపు ముందు మన మెడ మీద పడుతుంది, తర్వాత చెవుల మీద, ఆఖర్న మొహం మీద. మొహం దాకా వచ్చేసరికి ఆ చూపులో చిన్న నవ్వు చేరుతుంది. చిలకలపూడి అంటే గిల్టు నగలు. మర్యాదస్తులు రోల్డుగోల్డంటారు, ఇంకా మర్యాదస్తులు కవరింగంటారు. ఎవరేమన్నా లోపల ఉండేది రాగే.

తొంభైల్లో మా వీధిలో ముందు షాపు, షాపు వెనక ఇల్లు, ఇంటి వెనక పెరట్లో పూత వేసే తొట్లు. పెరట్లో రాగిగా ఉన్న గొలుసు ఇల్లు దాటి షాపులోకి వచ్చేసరికి బంగారమైపోయేది. మనుషులకి ఆ సదుపాయం లేదు. నేను బి.కాం. పూర్తిచేసి అదే దారిలో షాపులోకి వచ్చాను గాని రంగేమీ మారలేదు. నాన్న అమ్మేవాడు. అమ్మ పూతకి వెళ్ళే నగల్ని తీగలకి కట్టి వరసగా వేలాడదీసేది. నేను కూర్చునేవాణ్ణి. బేరం ముదిరినప్పుడు మధ్యలో "గ్యారంటీ అండీ" అనడం కూడా నా బాధ్యతే. దేనికి గ్యారంటీ అని ఎవరైనా తిరిగి అడిగితే నాన్న వైపు చూసేవాణ్ణి.

అన్ని నగలున్న ఇంట్లో అమ్మ సూత్రాలు పోను అసలు బంగారం ఒక్కటే ఉండేది. దివిసీమలో ఉండే మా అమ్మమ్మ తన మెడలోంచి తీసి అమ్మ మెడలో వేసిన గొలుసు. అమ్మ దాన్ని బయటికి తీసేది కాదు. రోజూ సూత్రాల పసుపుతాడు పక్కన మా షాపు గొలుసే వేసుకునేది. మెడలో ఉన్న గొలుసే షాపుకి బోర్డు మరి. పైగా మా పూత ముందు ఆ అసలుది వెలవెలబోయేది. పాపం, దానికి మెరవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

అయితే ఏడాదికొకసారి అది పెట్టెలోంచి బయటికొచ్చేది, కార్తీక పౌర్ణమికి. ఊళ్ళో ఆడవాళ్ళంతా మంగినపూడి సముద్రస్నానానికి వెళ్తూ బంగారం బీరువాలో దాచి, మా దగ్గర కొన్న గిల్టు వేసుకునేవాళ్ళు. మా వీధి ఆడవాళ్ళు సరిగ్గా తిరగేసి చేసేవాళ్ళు. ఉప్పునీళ్ళు తగిలితే పూత పోతుంది. పూత పోయిన గొలుసుతో మా వీధి మనిషి నాలుగూళ్ళ జనం మధ్య ఒడ్డున నిలబడితే వ్యాపారం ఏం కాను? అంచేత గిల్టు పరువు కాపాడటానికి బంగారాన్ని సముద్రంలో ముంచేవాళ్ళు. ఇందులో తేడా ఉందని మాలో ఎవరికీ అనిపించలేదు. నాకు కామర్సు డిగ్రీ ఉండి కూడా అనిపించలేదు.

ఓ ఏడాది పౌర్ణమికి అమ్మా నేనూ వెళ్ళాం. మూడు మునకలు వేసి, ఇసకలో దీపం పెట్టి, ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చున్నంత కిక్కిరిసిన ఆటోలో తిరిగొచ్చాం. డ్రైవరుది మోచెయ్యి తప్ప ఏమీ కనపడలేదు. ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ అమ్మ మెడ తడుముకుంది. గొలుసు లేదు.

అమ్మ ఏడవలేదు. మంచం మీద కూర్చుని, చెయ్యి మెడ మీదే ఉంచుకుని, "మా అమ్మకేం చెప్పను?" అంది. అమ్మమ్మ పోయి అప్పటికే చాలాకాలమైంది.

నాన్న స్టేషన్‌కి వెళ్దామన్నాడు. అక్కడ టేబుల్ దగ్గర కూర్చున్నాయన చాలా మర్యాదగా కాగితం తీసి, "ఏం పోయిందమ్మా?" అన్నాడు.

"బంగారపు గొలుసండీ."

"ఏ వీధి?"

అమ్మ చెప్పింది. ఆయన పెన్ను మూసేశాడు.

"షాపులో ఇంకోటి తీసుకుని వేసుకోండమ్మా. దీనికోసం ఇంత దూరం రావాలా?"

"అది అసలు బంగారమండీ!"

"మీ వీధిలో అందరూ అదే చెప్తారు కదండీ, అమ్మేటప్పుడు," అన్నాడాయన. ఆ మాట నాన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా అనేదే.

వీధిలోనూ అదే వరస. ఎదురుగా లడ్డూల షాపాయన మా షాపు మెట్టు మీదికొచ్చి ఓదార్చాడు. "పోనీలే చెల్లెమ్మా, సముద్రుడికి ఇచ్చావనుకో. అయినా మీకేం లోటు, నాలుగు గజాలు తెంపుకుంటే నాలుగు గొలుసులు."

"అది మా అమ్మదన్నయ్యా. బంగారం."

"బంగారమే, బంగారమే. నేను కాదన్నానా?" అని నాకేసి చూసి కన్ను కొట్టాడు. ఆయన లడ్డూలో నెయ్యి గురించి మేం ఎప్పుడూ అలా కన్ను కొట్టి ఎరగం. అమ్మకి గొలుసు పోయిన బాధ ఒక ఎత్తు, పోయింది బంగారమని ఒక్క మనిషీ నమ్మని బాధ ఒక ఎత్తు అయింది. అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి, "మనం ఇన్నేళ్ళూ ఏం అమ్ముకున్నామండీ?" అనేది. నాన్న మజ్జిగ పోసుకునేవాడు.

కొన్నాళ్ళకి మా వీధి మొగలో ఆటో స్టాండు పెట్టారు. గుడివాడ, అవనిగడ్డ షాపులకి పంపే పార్సెళ్ళు బస్టాండులో వేయడం నా పనే కాబట్టి ఓ ఆటో అతనితో స్నేహమైంది. మంగినపూడి దగ్గర పల్లె నుంచి వచ్చేవాడు. వాళ్ళవాళ్ళంతా వేటకి వెళ్తారు, ఇతనికి పడవెక్కితే వాంతులు, అందుకని ఆటో ఎక్కాడు. నన్ను బావా అనేవాడు. ఆ లెక్కన అమ్మ అత్తయ్య, నాన్న మావయ్య అయిపోయారు.

అతని ఆటోలో, అద్దం పైన పాండురంగడి ఫోటో. ఫోటోకి దండలా ఒక గొలుసు. అగరుబత్తి మసి, పసుపు, కుంకం పట్టి నల్లగా ఉండేది. పార్సెల్ ఒళ్ళో పెట్టుకుని రోజూ దాని వెనకే కూర్చునేవాణ్ణి. ఒకరోజు నాలోని నిపుణుడు ఊరుకోలేకపోయాడు.

"ఇదెవరి పని బావా? రంగసలు పట్టనే లేదు."

"దొరికింది బావా. పౌర్ణమి మర్నాడు ఆటో కడుగుతుంటే పట్టా కింద ఉంది. వారం రోజులు ఎక్కినవాళ్ళనల్లా అడిగా. గిల్టేగా, ఉంచుకో అన్నారు. మా ఆవిడ వేసుకోనంది. సామికేశా."

పౌర్ణమి, పట్టా, గొలుసు. మూడు మాటలూ నా చెవిలో విడివిడిగానే పడ్డాయి. పడినవాటిని కలిపే యంత్రం నా దగ్గర లేదు. మా గొలుసు సముద్రం తీసుకుందని ఇంట్లో తీర్మానం అయిపోయింది మరి. నేను దాన్ని వేళ్ళ మధ్య నలిపి, తల అడ్డంగా ఊపి, "కొన్నవాళ్ళెవరో మోసపోయారు, మళ్ళీ పూత వేయించాలి. ఇలా ఇవ్వు, స్వామిది కాబట్టి ఊరికే చేయిస్తా," అన్నాను. అతను కళ్ళకద్దుకుని విప్పి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం పెరట్లో అమ్మ తీగలు కడుతుంటే గొలుసు ఆవిడ ఒళ్ళో పడేసి, "కొంచెం దళసరిగా వేయించమ్మా, దేవుడిది. ఎవడో దరిద్రపు పని చేశాడు," అన్నాను.

అమ్మ చేతిలోకి తీసుకుంది. కొంగుతో కొక్కెం తుడిచింది. మళ్ళీ తుడిచింది.

"ఒరేయ్, ఇది దేవుడిది కాదురా. మా అమ్మది."

నాన్న షాపు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజు మా ఇంట్లో నా వృత్తి నైపుణ్యం గురించి జరిగిన చర్చ ఇక్కడ రాయను. సాయంత్రం ఆటో అతనొచ్చాడు. పూత తడి ఆరలేదనో ఏదో చెప్పి కొత్త గొలుసు ఇచ్చి పంపేద్దామని నాన్న ఆలోచన. అమ్మ ఒప్పుకోలేదు. గుమ్మంలోకి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను శ్రద్ధగా విని నవ్వాడు.

"అత్తయ్యా, మీకు నచ్చితే ఉంచేసుకోండి. దానికి బంగారమని చెప్పాలా?"

నాన్న గీటురాయి తెచ్చి గీసి చూపించాడు. అతను రాయి వైపు జాలిగా చూశాడు. "రాయి కూడా మీదే కదా మావయ్యా!"

అమ్మ మొహం ఎర్రబడింది. గొలుసు తీసి అతని గుప్పెట్లో పెట్టి వేళ్ళు మూసేసింది. "తీసుకెళ్ళు. రేపు ఊళ్ళో నీకిష్టమైన బంగారం కొట్లో అడుగు. నేను అబద్ధమాడితే తెచ్చి నా మొహాన కొట్టు."

"ఏమేవ్!" అన్నాడు నాన్న. ఆటో చప్పుడు వీధి మలుపు తిరిగిపోయింది.

మర్నాడు పొద్దున అతను స్టాండులో లేడు. నాన్న షాపులోంచి మొగ వైపు చూస్తూ, చూస్తూ ఒకావిడకి రెండు జతల దుద్దులకి బదులు మూడు జతలు కట్టి ఇచ్చేశాడు. పదకొండైనా రాలేదు. "ఇస్తాడ్లే," అని నేనంటే, "నువ్వు గ్యారంటీ ఇవ్వకు," అన్నాడు. అమ్మ మాత్రం పెరట్లో తీగలు కడుతూనే ఉంది. కట్టినవి విప్పి మళ్ళీ కడుతోందని దగ్గరికెళ్తే గాని తెలియలేదు.

భోజనాల వేళకి వచ్చాడు. ఆటో తేలేదు, నడిచొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. లోపలికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, చొక్కా లోపల్నించి మూటకట్టిన రుమాలు తీశాడు.

"మూడు కొట్లు తిరిగానత్తయ్యా. మొదటాయన చిలకలపూడోళ్ళు ఇచ్చారంటే లోపలికెళ్ళి మళ్ళీ గీసుకొచ్చాడు." అక్కడే నేల మీద కూలబడ్డాడు. "ఇన్నాళ్ళూ దీన్ని కోనేరు సెంటర్లో వదిలేసి టీకెళ్ళా! రాత్రిళ్ళు ఇంటిముందు ఆటోలోనే ఉంది! ముందే చెప్తే నాకు నిద్రుండేదా?"

అమ్మ రుమాలు విప్పలేదు. ముందు అతనికి అన్నం పెట్టింది. నాన్న షాపులో అన్నిటికన్నా మెరిసే గొలుసు తెచ్చి పాండురంగడికిమ్మని ఇస్తే అతను పుచ్చుకోబోయి ఆగాడు.

"ఇది గిల్టేగా మావయ్యా? నిజం చెప్పండి."

"గిల్టేనయ్యా!" అన్నాడు నాన్న. ఆ మాట ఆ షాపులో నాన్న నోట అంత గట్టిగా అంతకుముందు నేను వినలేదు.

అమ్మ ఆ గొలుసుని మళ్ళీ పెట్టెలో పెట్టలేదు. కొక్కేనికి దారం చుట్టి మెడలోనే ఉంచేసుకుంది. కొన్నాళ్ళకి గుడివాడలో పెళ్ళికని ముగ్గురం బస్సులో వెళ్తుంటే పామర్రు దగ్గర ఎక్కి అమ్మ పక్కన కూర్చున్న ఒకావిడ ఆ గొలుసునే చూసి, చూసి, అడిగేసింది.

"కవరింగాండీ? అచ్చం బంగారంలా ఉంది."

వెనక సీట్లో నేనూ నాన్నా బిగుసుకుపోయాం. మళ్ళీ మొదలవుతుందనుకున్నాం.

"కవరింగేనండీ," అంది అమ్మ హాయిగా. "చిలకలపూడిలో మా షాపే."

"ఎన్నాళ్ళుంటుందేమిటి?"

"ఇది మా అమ్మ వేసుకునేదండీ."

ఆవిడ షాపు గుర్తులన్నీ అడిగి తెలుసుకుని, వచ్చే వారం తప్పకుండా వస్తానని చెప్పి దిగిపోయింది. నాన్న సీటు మీంచి ముందుకి వంగి, "అలాంటిదే కావాలంటే ఏమిస్తావే?" అన్నాడు కంగారుగా.

అమ్మ కొంగు మెడ చుట్టూ కప్పుకుంది. "మీరు బేరమాడుతూ ఉండండి. వీడు గ్యారంటీ అంటాడు," అని కిటికీకి తలానించి కళ్ళు మూసుకుంది.