నరసమ్మ గదిలో పొగ

కోటబొమ్మాళిలో ధనరాజ్ లేజర్ మిషనుతో చెక్క మీద బొమ్మలు కాల్చి అమ్ముతాడు. ఆ పొగకి భార్య భవానికి ఉబ్బసం తిరగబెట్టింది. "ఈపాలి పొగ ఇంట్లోకొచ్చిందంటే ఆ మిషనైనా ఉండాల, నేనైనా ఉండాల" అనేసింది.

అందుకని మిషన్ని పోయిన నాయనమ్మ నరసమ్మ గదిలోకి మార్చాడు. పెద్ద ఫ్యాను బిగించి, గొట్టాన్ని పెరట్లోకి తీశాడు. పొగ ఇంట్లోకి రాకుండా తలుపు సందులకీ కిటికీకీ టేపు అంటించాడు. చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే నరసమ్మ, బతికున్నన్నాళ్లూ ఆ కిటికీ మూయనివ్వలేదు.

మొదటి పని ఆమె సంవత్సరీకానికి ఆమె బొమ్మే. పెదవుల దాకా వచ్చేసరికి పొగ గొట్టంలోకి పోవడం మానేసింది. ఫ్యాను హోరుమంటున్నా బొమ్మ నోటి దగ్గరే సుడి తిరిగింది. లోపలికి గాలి రాకపోతే ఫ్యాను దేన్ని లాగుతుందని అప్పుడు తట్టింది. మిషను ఆపి, కిటికీ టేపు పీకాడు. పొగంతా ఒక్క గుక్కలో గొట్టంలోకి పోయింది.

పెరట్లో గొట్టం పక్కనే ఉన్న భవానికి దగ్గు రాలేదు.

"ఓలమ్మో, నువ్వెప్పుడు సుట్ట మొదలెట్టినావు? అచ్చం మామ్మ సుట్ట వాసనే వస్తన్నాది!"

ధనరాజ్ ఏనాడూ చుట్ట ముట్టలేదు. మెల్లగా వెనక్కి తిరిగాడు. ఆపేసిన మిషనులో, బొమ్మ పెదవుల లోపల, నిప్పు ఎర్రగా రాజుకుంటోంది.