బాపు నరికిన విమానం

మా చిన్నప్పుడు... సౌదీలో గ్యాస్ బండ అయిపోయిన ఒక శుక్రవారం, మా బాపు విమానాన్ని వంటచెరకు కోసం నరికాడు.

నవ్వకండి... ఒట్టు, నిజమే చెబుతున్నా!

బాపు అక్కడి ఖఫ్జీ అనే ఊళ్లో ఒక కంపెనీ వడ్రంగి షాపులో ఫోర్‌మన్. మాది జగిత్యాల దిక్కు... తరతరాలుగా వడ్లవాళ్లం. ఫ్యామిలీ వీసా దొరికాక అమ్మా నేనూ వచ్చాం. నాకప్పుడు తొమ్మిదేళ్లు. చలికాలం శుక్రవారాల్లో, పక్క క్వార్టర్‌లో ఉండే కడప యూసుఫ్ మామ తన బండిలో అందరినీ ఎడారికి తీసుకెళ్లేవాడు. ఆయన డ్రైవరు. చాపలు, గిన్నెలు, మటన్, ఖుబ్జ్ రొట్టెలు... ఎడారి అంటే నాకు ఇప్పటికీ బగారన్నం వాసనే గుర్తొస్తుంది.

ఆ రోజు కూర అయింది. బగారన్నం సగం ఉడికేసరికి మంట ఆరిపోయింది... బండ ఖాళీ! అమ్మ మొహం చూడాలి అప్పుడు. యూసుఫ్ మామ చుట్టూ చూసి, ఇసుక తిన్నెలోంచి పొడుచుకొచ్చిన ఒక చెక్కను చూపించాడు.

"ఎవరో పాత ప్యాకింగ్ పెట్టె పారేసిండారన్నా... నాలుగు దెబ్బలెయ్" అన్నాడు.

అక్కడ ప్యాకింగ్ చెక్క కనబడితే పొయ్యిలోకే అనుకుంటారు ఎవరైనా. బాపూ అలాగే అనుకున్నాడు. ఎటు పోయినా వెంట ఉంచుకునే చెక్క చెక్కే బాడిసను బండిలోంచి తెచ్చి... ఠక్, ఠక్, ఠక్... మూరెడు ముక్క తెగి పడింది.

ఇంకో దెబ్బకు ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది.

తెగిన చోట వంగి చూశాడు. వేలితో తడిమాడు. వాసన చూశాడు. రెండు చెక్కల్ని ఏటవాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి అతికిన అతుకు అది. ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకోటి మొదలైందో నాకు కనబడనే లేదు. ఆ అతుకు పక్కన, లోపలి వైపు, సన్నటి పెన్సిల్ గీత... ఒక అంకె. బాపు చెవి మీద కూడా ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉండేది.

"గిది పెట్టె కాదు యూసుఫూ..." అన్నాడు బాపు.

తిన్నె ఎక్కి అవతలికి చూశాం. అబ్బా... ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది! ఇసుకలోంచి లేచిన చెక్క రెక్క... దాని మీద తుప్పు పట్టిన ఇంజిను... అటువైపు ఇంకో రెక్క, ఇంకో ఇంజిను... మధ్యలో పొట్ట దాకా కూరుకుపోయిన విమానం! ఒళ్లంతా చెక్కే! బొంబాయి నుంచి నేను ఎక్కి వచ్చినదాన్ని చూసి, విమానాలన్నీ లోహంతోనే చేస్తారనుకున్నాను. మా బాపు రోజూ కోసే చెక్క ఎగురుతుందని నాకెవరు చెప్పారు?

యూసుఫ్ మామ అద్దాల్లేని ముందు కిటికీలోంచి తొంగి చూసి కేకేశాడు.

"అన్నా! రెండు సీట్లు, రెండు స్టీరింగులు, కాళ్లకాడ రెండు జతల పెడల్లు! ఇది డ్రైవింగ్ స్కూల్ బండి కదన్నా!"

పక్కన గురువు కూర్చోగా ఎవరెవరో ఆకాశంలో నడపడం నేర్చుకున్న విమానమని మాకు అలా తెలిసింది. ఎప్పుడు దిగిందో, ఎందుకు వదిలేసి పోయారో చెప్పేవాళ్లు లేరు.

మామ బాధ మామది... "సరేన్నా, సూసినాం. ఇంగ అన్నం సంగతేంది? ఎట్లాగూ నరికితివి, ఆ ముక్కన్నా ఇయ్యి. మిగిలిందీ ఎండకూ గాలికీ పోయేదే గదా" అన్నాడు. ఆయనన్నదీ తప్పు కాదు. ఆకలితో మా కడుపుల్లో ఎలుకలు పరుగెడుతున్నాయి.

బాపు ముక్క ఇవ్వలేదు. పొరపాటున పుస్తకం తొక్కితే చేసినట్టు, దాన్ని కళ్లకద్దుకున్నాడు.

"మనోడు చేసిండు" అన్నాడు.

"మన ఊరోడా బాపూ?" అన్నాను.

"కాదు బిడ్డా... ఎవలో వడ్లాయన. పేరు సుత రాసుకోలే, గీత గీసి పోయిండు. మనుషులు దీని మీద పానం పెట్టుకొని ఎగురుతరని ఎంత భయపడుకుంట అతికిండో... నేను పొయ్యిలకని నరికిన."

బాపు కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదటిసారి. ఆ పూట మటన్‌లో ఖుబ్జ్ ముంచుకుని తిన్నాం. సగం ఉడికిన బగారన్నాన్ని అమ్మ దారంతా తిడుతూనే ఇంటికి తెచ్చింది.

తర్వాతి శుక్రవారం బాపు చిత్రిక పట్టే రందా, జిగురు, బిగించే సామాను అన్నీ సర్దుకున్నాడు.

"ఇంట్ల కుర్చీ కాలు ఊగవట్టి మూడు నెల్లాయె, దానికి లేదు తీరిక... ఎడారిల విమానం బాగు చేస్తడట!" అంది అమ్మ. అంటూనే టిఫిన్ కట్టింది.

బాపు రెక్కదీ, దాచిన ముక్కదీ తెగిన రెండు మొహాలనూ ఏటవాలుగా చెక్కాడు. చెక్కిన మేరకు రెక్క బెత్తెడు పొట్టిదైంది. అతికి, బిగించి, జిగురు ఆరేదాకా మమ్మల్ని ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. చివర్న చెవి మీది పెన్సిల్ తీసి తనూ ఒక గీత గీశాడు. పేరు రాయలేదు.

ఇప్పుడు నేను జెద్దాలో ఉంటున్నాను. ఈ చలికాలం మా పిల్లల్ని తీసుకుని ఖఫ్జీ వెళ్లాను. యూసుఫ్ మామ ఫోన్‌లో చెప్పిన గుర్తులు పట్టుకుని వెతికాం... ఉంది! పైన పలుచటి చెక్క పొరలు పొరలుగా లేచిపోయింది. ఒక పక్క రెక్కే లేదు, అక్కడ బొగ్గులూ మసీ... ఎవరో పొయ్యి పెట్టుకున్నారు. రెండో రెక్క చివర మాత్రం బాపు అతుకు... గోరు కూడా దూరలేదు.

జగిత్యాలలో ఎవరింటికో దర్వాజా చెక్కుతున్న బాపుకి వీడియో కాల్ చేశాను. "చూడు బాపూ, ఊడలే!" అని అరిచాను. సంతోషిస్తాడనుకున్నా. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"బెత్తెడు తక్కువైంది బిడ్డా... ఎగిరితె ఒక దిక్కు ఒరుగుతది" అన్నాడు.

రెక్క లేని అవతలి పక్కకు ఫోన్ తిప్పడానికి నాకు చేతులు రాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో కుర్చీ కాలు ఊగితే కొత్తది ఆర్డర్ పెడతాం... రెండ్రోజుల్లో వచ్చేస్తుంది. తిరగేసి చూస్తే ఎక్కడా పెన్సిల్ గీత ఉండదు. మీ ఇంట్లో చేత్తో చేసిన పాత వస్తువేదైనా మిగిలుందా? ఉంటే ఒక్కసారి తిరగేసి చూడండి... ఏం కనబడిందో నాకూ చెప్పండి.