సగం పాఠమే పంపిన గంగాధర్ సార్

నిన్న ఉదయం హాస్టల్ మెస్‌లో టిఫిన్ చేస్తుంటే మా పాత డిగ్రీ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. గంగాధర్ సార్ చనిపోయారని.

వేరే గంగాధర్ ఎవరో అయి ఉంటారనుకున్నాను. నా క్లాస్‌మేట్ స్వప్నకు ఫోన్ చేశాను. తను ఏడుస్తోంది.

అప్పుడు నమ్మాను.

తెల్లవారుజామున కామారెడ్డిలో ఇంట్లోనే గుండెపోటు వచ్చిందట. హాస్పిటల్‌కు తీసుకెళ్లే టైమ్ కూడా దొరకలేదట.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఎల్లారెడ్డిలో డిగ్రీ చదివేటప్పుడు మాకు బాటనీ చెప్పిన లెక్చరర్ ఆయన. రోజూ కామారెడ్డి నుంచి బస్సులో వచ్చేవారు.

మా సెకండియర్‌లో సార్ బ్లెండెడ్ లెర్నింగ్ మొదలుపెట్టారు. పాఠం వీడియో ముందు రోజే గ్రూప్‌లో పంపేవారు. ఇంట్లో చూసి రావాలి. క్లాసులో డౌట్లు, మైక్రోస్కోప్, చర్చ.

ప్లాన్ బాగానే ఉంది. కానీ మాలో చాలామందికి సొంత ఫోన్ లేదు. గ్రూప్‌లో ఉన్నవి మా నాన్నల నంబర్లు.

మాది గాంధారి మండలంలో చిన్న ఊరు. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. వీడియో రాగానే బాపు ఫోన్ నా చేతికిచ్చి పక్కనే కూర్చునేవాడు. కొన్ని రోజులు చూసి ఒక మాటన్నాడు.

"సదువు ఇంటికే వస్తుంది గద. ఇగ ఆటోల తిరుగుడెందుకు?"

కోపంతో కాదు, సంతోషంగానే అన్నాడు. పిల్ల కళ్ల ముందే ఉంటది, చదువూ ఆగదు అనుకున్నాడు. ఒకసారి మానేసిన అమ్మాయి మళ్లీ కాలేజీ గేటు దాటడం మా ఊళ్లో నేను చూడలేదు. ఆ మాట ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియక ఇంట్లోనే ఉండిపోయాను.

మా వైపు నుంచి వచ్చే మిగతా అమ్మాయిల ఇళ్లల్లోనూ ఇదే జరిగింది. మా బెంచీలు ఖాళీ అయ్యాయి. "నీ వీడియోలు హిట్టు, క్లాసు ఫ్లాపు" అని స్టాఫ్ రూమ్‌లో సార్‌ని ఆటపట్టించారని తర్వాత తెలిసింది.

సార్ బాపుకు ఫోన్ చేశారు. ఎందుకు పంపడం లేదని అడిగేలోపే బాపు మొదలుపెట్టాడు.

"మంచి పని చేసిన్రు సార్. పిల్ల నీడపట్టున కూసోని సదువుకుంటుంది."

సార్ వాదించలేదు. సరేనని పెట్టేశారు.

తర్వాతి వీడియో మక్కజొన్న మీద.

ఎల్లారెడ్డి దగ్గర ఎవరిదో చేనులో నిలబడి, ఊదా రంగుకు తిరిగిన ఆకు పట్టుకుని చూపించారు. ఆ ఏడు మా చేనులోనూ ఆకులు అట్లాగే ఉన్నాయి. బాపు ఫోన్ మీదికి వంగాడు.

ఇది ఎందుకవుతుందో క్లాసులో చెప్తానని, ఎవరి చేనులోనైనా ఉంటే ఒక ఆకు తెమ్మని అన్నారు సార్. వీడియో అయిపోయింది.

నెట్ ఆగిందనుకుని బాపు వేలితో జరిపి జరిపి చూశాడు.

"మిగిలింది ఏది?"

"గంతే బాపు. క్లాసులనే చెప్తడట."

"గిదేం సదువు, సగంల ఆపుడు?"

సార్‌ని తిట్టుకుంటూనే పడుకున్నాడు. పొద్దున నేను లేచేసరికి చేనుకు పోయి ఆకు తెంపుకొచ్చాడు.

"పోయి అడిగిరా. మర్సిపోకు."

అట్లా మళ్లీ ఆటో ఎక్కాను. భూమిలో భాస్వరం తక్కువైతే ఆకు అట్లా అవుతుందని సాయంత్రం వచ్చి చెప్పాను. రేపేం చెప్తాడో కనుక్కోమన్నాడు బాపు.

ఆ తర్వాత సార్ ఏ వీడియోనూ పూర్తిగా పంపలేదు. ఒక్కొక్కరుగా అమ్మాయిలం అందరం తిరిగొచ్చాం. ఫైనలియర్‌లో ఒకసారి ఆయన్ని అడిగాను, ఎందుకట్లా అని.

"మొత్తం పంపితె మిమ్ముల ఇంట్ల కూసోబెట్టిండ్రు. సగం పంపితె మీరొచ్చిండ్రు. ఇందుల పెద్ద థియరీ ఏం లేదమ్మా."

ఇప్పుడు నేను ఎమ్మెస్సీ బాటనీ చేస్తున్నాను.

నిన్న బాపుకు ఫోన్ చేసి విషయం చెప్తే, నేను కూడా వస్తానన్నాడు. పని వదిలేసి కామారెడ్డి వచ్చాడు. ఇద్దరం సార్ ఇంటికి వెళ్లాం. బాపు చాలాసేపు ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాడు. బయటికొచ్చాక మెల్లగా అన్నాడు.

"ఇన్నొద్దులు ఫోన్ల చూసుడే. ఎదురుంగ ఇదే మొదలు బిడ్డా."

వెళ్లిరండి సార్.

ఎక్కడున్నా మీ ప్రాణం నిమ్మళంగా ఉండాలి.