విప్పుకోని గొడుగులు

మా పక్కింటి అవ్వ పోయిందని సోమవారం ఉదయగిరి నుంచి తమ్ముడు వచ్చి చెప్పాడు. "నిన్ననే మట్టి చేసినారక్కా" అన్నాడు. ఆత్మకూరు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో అప్పుడు నా ముందు ఆరుగురు పిల్లలు కూర్చుని ఉన్నారు. "అట్లనా" అన్నాను. తప్పులు పడిన కాగితం మళ్లీ కొట్టమని ఒకమ్మాయికి చెప్పాను. వారమైంది. ఇంకా ఏడుపు రాలేదు. ఈ నాలుగు మాటలూ మీకు రాస్తే వస్తుందేమోనని రాస్తున్నాను.

అవ్వ ఒంటరి మనిషి. మా ఊళ్లో చెక్కే చెక్క చెంచాలను ఇంటికి తెచ్చుకొని గరుకు కాగితంతో నున్నగా రుద్దేది. మాతో తెలుగు మాట్లాడేది, చెంచాలతో ఉర్దూ. రుద్దిన ప్రతిదాన్నీ పెదవికి ఆనించి చూసేది. "నోట్లోకి పొయ్యేదిమే, గుచ్చుకోకూడదు" అనేది.

నేను ఆరో తరగతిలో ఉండగా కరువొచ్చింది. నాయన పనికని వలసపోయి రెండు నెలలైంది. ఇంట్లో జొన్నలు అడుగంటాయి. ఒక్క వాన పడి, కొండ కింద చెదపుట్టల మీద పొడుగు కాడల పుట్టగొడుగులు లేచాయి. గొడుగు విప్పుకోని రకం. ఎన్నాళ్లైనా మూసుకునే ఉండి, ముదిరితే లోపలంతా నల్లపొడి అయిపోతుంది. వాటిని మా వైపు ఎవరూ తినేవాళ్లు కాదు. అవ్వ లేతవి ఒడినిండా కోసుకొచ్చి మా పొయ్యి మీదే వండింది.

"వద్దవ్వా, పిల్లోళ్లకేమన్నా అయితే?" అంది అమ్మ.

"ముందు నేను తింటా. పొద్దుగూకేదాకా ఈడే కూచుంటా. నాకేం కాకపోతే పెట్టు."

తింది. కూర్చుంది. నేను మాటిమాటికీ పోయి "ఇంకా ఎంతసేపవ్వా?" అని అడిగాను. ఆకలి. ఆమెకేమన్నా అవుతుందన్న ఆలోచనే నాకు లేదు.

"ఓపిక పట్టుమే, నేనింకా చావలా" అని నవ్వింది.

పొద్దుగూకాక తిన్నాం. ఆ ఏడు బతికి బట్టకట్టామంటే ఆమె చలవే. తర్వాత ప్రతి వానకూ వీధంతా కోసుకొచ్చేవాళ్లు. "కోస్తే తెల్లగుండాల, నల్లగుంటే పారెయ్" అని అవ్వే అందరికీ చెప్పేది.

ఉద్యోగానికి ఆత్మకూరు బయల్దేరే ముందు అడిగాను. "అవి తినొచ్చని నీకు ముందే తెలుసు గదవ్వా?"

అవ్వ చెంచా రుద్దడం ఆపలేదు. "తెలిస్తే మా ఇంట్లోనే తినేదాన్ని గదమే. మీ కాడైతే, ఏమన్నా అయితే చూసేదానికి మనుషులుంటారని."

అప్పటినుంచీ ఒక్కటే కళ్ల ముందుంది. ఆ పుట్టగొడుగులు తిన్న సాయంత్రం, ఇంకా పొద్దుగూకకముందే, అవ్వ మా గోడకు ఆనుకొని కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాం. నేనూ తమ్ముడూ ఆమెను లేపి చూడలేదు. చప్పుడు కాకుండా గిన్నె దగ్గరికి పోయి మూత తీశాం.