ఉండమన్నది నేనే

ఒక మాట ఇన్నేళ్ళుగా నా గుండెల మీద బరువై కూర్చుంది. అది నా మాట కాదు. ఒకరు మరొకరికి చెప్పమని నాకు అప్పగించిన మాట. నేను చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో అనగలుగుతున్నానేమో.

పందొమ్మిది వందల ఇరవైల నాటి సంగతి. రంగూన్‌లో, బోటాటౌంగ్ రేవు దగ్గర ఒక గోదాములో గుమాస్తాగా ఉండేవాణ్ణి. నా గదిలోనే అప్పన్న ఉండేవాడు. బారువ వైపు మనిషి, రేవులో బస్తాలు మోసేవాడు. పొలం గట్టు తగాదాలో సొంత అన్న చెయ్యి విరగ్గొట్టి, ఆ భయంతో ఓడెక్కేశాడు. ఎవరికీ పాఠం చెప్పని నన్ను మాస్టారూ అని పిలిచేవాడు. పొద్దున నేను లేచేసరికి టీ కాచి ఉంచేవాడు. అతను రాకముందు ఆ గదిలో ఎలా బతికానో తలుచుకోవడం నాకిష్టం ఉండేది కాదు.

ఆదివారాలు మా చర్చిలో ఐర్లాండు నుంచి వచ్చిన ముసలి ఫాదరుగారు వాళ్ళ దేశపు పాతకాలపు రాజుల కథలు, పునీతుల కథలు చెప్పేవారు. వాటిని తెలుగులో చెప్పడం నా పని. ఒక ఆదివారం, రాజవంశంలో పుట్టిన ఒక సన్యాసి కథ చెప్పారు. గురువుగారి గ్రంథాన్ని దొంగచాటుగా నకలు రాసుకున్నాడట. రాజు అది తప్పని తీర్పు చెప్పాడు. సన్యాసి కోపం యుద్ధానికి దారితీసింది, వేలమంది చచ్చిపోయారు. ఆ పాపానికి అతను పడవెక్కి, సొంత గడ్డ కంటికి కనిపించని దీవికి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక అప్పన్న మెట్ల దగ్గర ఆగిపోయాడు.

"మాస్టారూ, ఫాదరుగోర్ని ఓ మాట అడగండి. నానూ అలాగే ఒచ్చీసినోణ్ణి గదా. ఇక్కడే ఉండిపోవాలా, ఎల్లి మా అన్న కాళ్ళట్టుకోవాలా?"

అడిగాను. ఫాదరుగారు అతని భుజం మీద చెయ్యి వేసి ఇంగ్లీషులో చెప్పారు. ఆ సన్యాసి కూడా ఒకసారి తిరిగి వెళ్ళాడట, రాజుల సభలో సంధి కుదర్చడానికి. నువ్వూ వెళ్ళు, ఆలస్యం చెయ్యకు అన్నారు.

"ఏటన్నారు?" అన్నాడు అప్పన్న.

"ఇక్కడే ఉండమన్నారు. ఆ సన్యాసి మళ్ళీ ఊరి మొహం చూడలేదట."

నేను సరిగానే చెప్పాననుకుని ఫాదరుగారు నవ్వుతూ తలూపారు. అప్పన్న "సర్లెండి" అన్నాడు.

ఎందుకలా అన్నాను? నోరు జారిందనీ, మర్నాడు దిద్దుకుంటాననీ, తిరిగి వెళితే అన్న అతన్ని బతకనివ్వడనీ, ఏవేవో నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ క్షణంలో ఖాళీ గది నా కళ్ళ ముందు కనిపించింది. భయమేసింది.

ఆ ఏడాది వానలు వెళ్ళాక, అన్న పోయాడని కబురొచ్చింది. ఆఖరిదాకా తమ్ముడి కోసమే అడిగాడట. అప్పన్న ఏడవలేదు. కానీ ఆ గదిలో నిలవలేకపోయాడు. కాలువ మీద పడవలో ట్వంటే అనే ఊరు వెళ్ళి, కుండలు చేసేవాళ్ళ దగ్గర పనికి కుదిరాడు.

ఒకసారి వెళ్ళాను, చెప్పేద్దామని. చేపల కూర వండి పెట్టాడు. "నాకు మీరొక్కరే ఉన్నారు మాస్టారూ" అన్నాడు. ఇంక ఎలా చెప్పను? లేక ఆ మాట వినడానికే అంత దూరం వెళ్ళానా? తిన్నాను. వచ్చేశాను. తర్వాత అక్కడే జ్వరంతో పోయాడు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. రాసినదంతా ఇప్పుడే పైకి చదువుకున్నాను. వినడానికి ఎవరూ లేరు. అయినా, చాలాకాలానికి నా గొంతులో అబద్ధం వినిపించలేదు.