జొన్న చేలో కాల్చిన ఉండ

మా మనవరాలు విజయనగరంలో కాలేజీ చదువు చదువుతూ, మిగిలిన వేళల్లో ఫోనులో ఆడే ఆటల మంచిచెడ్డలు రాస్తూ ఉంటుంది. అన్ని ఆటలూ కాదు, ఉచితంగా వచ్చేవీ, పదికీ ఇరవైకీ దొరికేవీ మాత్రమే. ఖరీదైన ఆటల గురించి రాసేవాళ్ళు వేరే ఉన్నారనీ, చేతిలో చిన్న ఫోను, అందులో కాస్త డేటా ఉన్న మన బోటివాళ్ళకి ఏ ఆట ఆడొచ్చో, ఏది మానుకోవాలో చెప్పేవాళ్ళే లేరనీ దాని వాదన. ఆ మాట నాకూ నచ్చింది. పొదుపు ఎక్కడున్నా మంచిదే. ఈ వేసవి సెలవులకి ఊరొచ్చినప్పుడు, ఆటంటే ఏమిటో తెలియని మనిషికి అవి ఎలా కనిపిస్తాయో కూడా రాయాలని ఒక మధ్యాహ్నం ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఆటంటే తెలియని మనిషిని నేనట.

“ఊరికే ఆడు మామ్మా. బాగుంటే బాగుందని సెప్పు, లేకపోతే తిట్టు. నీ తిట్లే నాకు కావాల.”

మూడో తరగతితో బడి మానేసినదాన్ని, అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను గాని తిట్టడానికి చదువు అక్కర్లేదు కనుక సరేనన్నాను. మొదటి ఆటలో రంగురంగుల గోళీలు పగలగొట్టాలి. పగలగొట్టాను. ఏమీ రాలేదు. రెండోదాంట్లో గాల్లోకి ఎగిరిన కూరగాయల్ని వేలితో నరకాలి. బీరకాయ, దోసకాయ, గుమ్మడికాయ తెగ నరికాను. ముక్కలన్నీ కింద పడి మాయమయ్యాయి తప్ప కూరలోకి ఒక్కటి రాలేదు, దీనికి ఒక్క చుక్క ఇవ్వమన్నాను. అయిదు చుక్కలకి లెక్కట. పైగా ఆటకీ ఆటకీ మధ్య బంగారం తాకట్టు పెట్టుకోమని ఎవరో అరనిమిషం అరుస్తారు. ఊరికే పెట్టిన అన్నంలో ముద్దకో రాయి ఉన్నట్టు, ఇదేమి ఉచితమో నాకు తెలియలేదు.

మూడో ఆట తెరవగానే నా చేతులు ఆగిపోయాయి. చేను, చేను మధ్య మంచె, మంచె మీద ఒక మనిషి, వాడి చేతిలో వడిసెల. ఎదుటి మంచె మీద మనుషులు లేస్తూ ఉంటారు, వాళ్ళ తలకి గురిచూసి ఉండ విసరాలి. మొదటి దెబ్బకే ఒకడి కన్ను పగిలింది. తల పండిన పుచ్చకాయలా విచ్చుకుని తెరంతా ఎర్రబడింది, నాణేలు గలగలమన్నాయి, పిల్ల చప్పట్లు కొట్టింది. రెండో వాణ్ణి, మూడో వాణ్ణి కూడా పడగొట్టాను. నాలుగోవాడు విసిరిన ఉండ నా మనిషి మొహాన తగిలి వాడు మంచె మీంచి తలకిందులుగా పడ్డాడు. అప్పుడు ఫోను, ఒక ప్రకటన చూస్తే వీణ్ణి లేపుతానంది. చూశాను. లేచాడు. మొహం తుడుచుకున్నాడు. రెండు కళ్ళూ ఉన్నాయి.

నేను తలెత్తి వీధి అరుగు వైపు చూశాను. అక్కడ మా బావ, అంటే నా పెనిమిటి, స్తంభానికి జేరబడి చుట్ట కాలుస్తున్నాడు. ఆయనకి ఎడమ కన్ను లేదు. అది నేను పోగొట్టిందే.

నా వయసు వాళ్ళకి వడిసెల అంటే చెప్పక్కర్లేదు, ఇప్పటి పిల్లల కోసం చెబుతున్నాను. గోగునారతో జడలా అల్లిన తాడు, నడుమ అరచేయంత గూడు. ఒక కొస వేలికి తగిలించుకుని, గూట్లో మట్టి ఉండ పెట్టి, నెత్తి చుట్టూ గిర్రున తిప్పి రెండో కొస వదిలేస్తే ఉండ పోయి పిట్టల గుంపులో పడేది. మాది శృంగవరపుకోట అవతల కొండల కింది మెట్ట. జొన్న కంకి పాలుపోసుకునే వేళకి కొండ మీంచి చిలకలు పచ్చటి మబ్బులా దిగేవి. చేలు కాయడానికే నన్ను బడి మాన్పించారు. తొమ్మిదేళ్ళదాన్ని. దెబ్బతిన్న చిలకని కాళ్ళు కట్టి గెడకర్రకి తలకిందులుగా వేలాడదీస్తే మిగతావి భయపడతాయని, కొన ఊపిరితో రెక్కలు కొట్టుకుంటున్నదాన్నే కట్టేసేదాన్ని. అందులో పాపముందని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

ఉండలకి ఒక కట్టుబాటు ఉండేది. పుట్టమన్నులో ఊక కలిపి, చేసి, నీడన ఆరబెట్టాలి. రాయి విసరకూడదు, ఉండని కాల్చకూడదు. పచ్చి ఉండ ఎక్కడ పడితే అక్కడే పొడైపోతుంది, మనిషికి తగిలినా వాత తేలి ఊరుకుంటుంది. ఆ కట్టుబాటు ఎందుకో పెద్దవాళ్ళకి తెలుసు, పిల్లలకి తెలిసేది కాదు.

మా చేనుకి గట్టవతల మా మేనత్త వాళ్ళ చేను. అక్కడి మంచె మీద మా బావ, పన్నెండేళ్ళ వాడు. చిలకల్ని నేను తోలితే అతని చేలో వాలేవి, అతను తోలితే నా చేలో వాలేవి. అదే మా ఆట. పైసా ఖర్చు లేని ఆట గాని ఓడినవాళ్ళు చెల్లించుకునేది సాయంత్రం. మా అయ్య చేలో తిరిగి పిట్ట కొట్టిన కంకులు ఏరుకొచ్చి, కంకికో దెబ్బ చొప్పున ముల్లుకర్ర వెనక వైపుతో నా వీపు మీద వేసేవాడు. వాళ్ళయ్య, మా మావ, చింతబరికెతో వేసేవాడు. మర్నాడు పొద్దున్న ఇద్దరం మంచెలెక్కి ఎవరికెన్ని వాతలో ఒకరికొకరం చూపించుకుని, మళ్ళీ యుద్ధం మొదలుపెట్టేవాళ్ళం. గెలవలేనినాడు ఒకరి వీపు మీద ఒకరం పచ్చి ఉండలు వేసుకునేవాళ్ళం. పగిలి దుమ్ము లేచేది, ఏడ్చేవాళ్ళం, నవ్వేవాళ్ళం.

ఇక నా తప్పు. రోజూ గంపెడు ఉండలు చేయాలి, చేసినవన్నీ మట్టిలో కలిసిపోవాలి. చేతులు పగిలి, అన్నం కలుపుకుంటే మండేవి. చిన్నప్పటి నుంచీ ఏదీ వృథాగా పోతే సహించను నేను. ఊకైనా పారబోయదని మా అమ్మ నన్ను నలుగురిలో మెచ్చుకునేది. ఒకనాడు వంట అయ్యాక పొయ్యిలో నిప్పులు వృథాగా చల్లారుతుంటే, పన్నెండు ఉండలు అందులో పూడ్చిపెట్టాను. పొద్దుటికి కుమ్మరి కుండల్లా ఎర్రగా, రాయిలా గట్టిగా తేలాయి. ఇక విసరడం, మళ్ళీ ఏరుకోవడం, రోజూ చేసే పని తప్పుతుందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, కట్టుబాటు తెలుసు కనుక.

అంతకు ముందు సాయంత్రమే నా వీపు చిట్లి రవిక అంటుకుపోయింది. ఆ మధ్యాహ్నం చిలకల గుంపు మూడుసార్లు అతని చేలోంచి లేచి నా చేలో వాలింది. బావ మంచె మీద నిలబడి కిరసనాయిలు డబ్బా వాయిస్తూ, ఇవాళ నీకెన్ని దెబ్బలో చెప్పు అన్నట్టు వేళ్ళు చూపిస్తున్నాడు. సంచిలో పచ్చి ఉండలు అయిపోయాయి. ఎర్రది తీశాను. పిట్టకి విసిరితే గాలి మళ్ళించిందని ఊరందరికీ చెప్పాను, అరవై ఏళ్ళకి పైగా అదే చెబుతూ వచ్చాను. ఇక్కడ మాత్రం నిజం చెబుతున్నాను: నేను పిట్టకేసి చూడలేదు. అతనికేసే చూశాను. డబ్బా చప్పుడు ఆగింది, అతను రెండు చేతులూ మొహానికి పెట్టుకుని మంచె మీంచి చేలోకి పడ్డాడు. నేను వెళ్ళేసరికి వేళ్ళ సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారుతోంది. అరవలేదు. నా వైపు మిగిలిన కంటితో చూశాడు, అంతే.

ఎడ్లబండి మీద పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు, అక్కడ కన్ను తీసేశారు. మర్నాడు తెల్లారేసరికి మా మావ కర్ర పట్టుకుని గట్టు మీదికొచ్చాడు. మా అయ్య ముల్లుకర్రతో ఎదురెళ్ళాడు. వాళ్ళిద్దరూ కలిసి ఏరువాక సాగినవాళ్ళు, ఒక చుట్ట చెరి సగం కాల్చినవాళ్ళు. మా మావ మొదటి దెబ్బకే మా అయ్య భుజం ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మా అయ్య కర్ర మొన మా మావ చెవిని చీల్చింది. మా మేనత్త ఇద్దరి మధ్యా పడి, ఎవరిదో తెలియని దెబ్బ తిని గట్టు మీద కూలిపోతే గాని జనం వాళ్ళని విడదీయలేకపోయారు. నెత్తురు ఓడుతూనే మా మావ ఒకటే మాట అన్నాడు.

“అది మట్టుండయితే నాను సల్లగుంటాను. రాయైనా, కాల్సిందైనా దాని సెయ్యి నరికీస్తాను. అడ్డొస్తే దానయ్య పీక నరికీస్తాను.”

ఊరి పెద్దలు చేలో చాలు చాలూ వెతికారు. నేను అంతకు ముందే మిగిలిన పదకొండు ఉండల్నీ నూతిలో వేసేశాను. పన్నెండోది ఎక్కడ పడిందో నాకు తెలియదు. వాళ్ళు వంగి మట్టి కెలుకుతుంటే నేను మా అమ్మ కొంగు వెనక నిలబడి నా కుడిచెయ్యిని ఎడమ చేత్తో పట్టుకున్నాను. దొరకలేదు. పచ్చి ఉండల పొడే కనిపించింది. పిల్లల ఆటలో తగిలిన మట్టుండ, ఎవరి తప్పూ లేదని పెద్దలు తేల్చారు. ఒంటికన్ను వాడికి రేపు పిల్లనెవరిస్తారని మా మేనత్త ఏడిస్తే, విరిగిన భుజానికి బద్దలు కట్టించుకుంటూ మా అయ్య, నా కూతుర్నే ఇస్తానన్నాడు. పదేళ్ళ తరవాత ఇచ్చాడు.

కాపురానికి వచ్చింది ఆ చేనుకే. దుక్కి దున్నిన ప్రతిసారీ నాగలి వెనక చాలు వెంట వంగి నడిచేదాన్ని, ఎర్రగా ఏదైనా పైకి తేలుతుందేమోనని. చేలో రాలిన గింజ కూడా వదలదు, ఎంత పొదుపుగల పిల్లో అని అత్తవారి తరఫు వాళ్ళు మెచ్చుకున్నారు. దారిలో నడిస్తే ఎప్పుడూ ఆయనకి ఎడమ పక్కనే నడిచాను. బండో గేదో వస్తే చెయ్యి పట్టి లాగేదాన్ని. మా మావ పోయాడు, మా అయ్య పోయాడు, నాగళ్ళు పోయి ట్రాక్టర్లొచ్చాయి. ఆ ఉండ తేలలేదు, నా నోటి వెంట ఆ మాటా తేలలేదు.

ఇన్నీ ఆ క్షణంలో ఎలా గుర్తొచ్చాయో గాని, పిల్ల నా ఒళ్ళోంచి ఫోను తీసి తాతకిచ్చిన సంగతి కూడా నేను గమనించలేదు. చూస్తే ఆయన చుట్ట పక్కన పెట్టి, ఫోను మొహం దగ్గరగా పట్టుకుని వరసగా తలలు పగలగొడుతున్నాడు. గురికి ఒక కన్నే సాలు, రెండోది దండగ అన్నాడు. ఆ హాస్యం ఆయన జీవితమంతా ఆడుతున్నదే. పిల్ల నవ్వి, మట్టుండకే కన్నెలా పోయింది తాతా అంది. ఎప్పుడూ అడగని ప్రశ్న. ఆయన కంటే ముందు నేనే అన్నాను.

“బావా, అది పచ్చుండ కాదు. పొయ్యిలో కాల్సింది.”

ఆయన ఫోను మీంచి చూపు తిప్పలేదు.

“నాకు తెల్దేటే? నా కాళ్ళ కాడే పడింది, ఎర్రగా. మడమెట్టి మట్టిలోకి నొక్కీసినాను. మా అయ్య కంట పడితే మీ అయ్యని బతకనిచ్చీవోడేటి?”

మరి ఇన్నేళ్ళూ ఎందుకు అనలేదని అడిగాను. అప్పుడు ఫోను దించాడు.

“నువ్వు సెప్తావని సూసినాను.”

పిల్ల మా ఇద్దరి మొహాలూ చూసి లోపలికి వెళ్ళిపోయింది. తరవాత ఆ ఆటకి ఎన్ని చుక్కలు వేయమంటావని వచ్చింది. బొమ్మలు బాగున్నాయి, చేతికి తేలిగ్గా ఉంది, ముప్పై రూపాయలిస్తే ప్రకటనలు పోతాయట గాని అది దండగ; రెండు వెయ్యమన్నాను. మిగతా మూడూ ఎందుకు తీశావంటే, పడినవాణ్ణి లేపినందుకు అన్నాను. అలాగే రాసుకుంది.

మా ఆటలకి ఫోనూ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. ఊళ్ళో మట్టి ఉంటే చాలు. కాని మా ఆటలో పగిలింది పగిలినట్టే ఉండేది, దాని పక్కనే బతుకంతా నడవాల్సి వచ్చేది. ఇప్పుడు చిలకలూ తగ్గాయి, జొన్న ఎవరూ వేయడం లేదు. ఆ చేను మొన్నటేడు రాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. నేను చేసిన వేల ఉండలు వానలకి కరిగి ఆ మట్టిలోనే కలిసిపోయాయి. అదొక్కటి కరగదు, పది కాలాలు ఉండాలని కాల్చాను కదా. ఎవరో పునాది తవ్వుతూ పలుగుకి తగిలిన ఎర్ర ఉండని ఏమిటో తెలియక పక్కకి విసిరేస్తారు. గాలి మళ్ళించలేదన్న సంగతి మాత్రం ఆయన ఇంకా అడగలేదు, నేను ఇంకా చెప్పలేదు. మళ్ళీ అరవై ఏళ్ళు చూడమనడానికి మా ఇద్దరి దగ్గరా అన్ని లేవు. రేపు పొద్దున్న అంబలి ఇచ్చేటప్పుడు, ఆ ఎడమ పక్కన కాకుండా, ఆయనకి నేను కనిపించే వైపు కూర్చుని చెబుతాను.