జక్కయ్య అంకుల్ తీసిన ఫ్రిజ్ తలుపులు

జక్కయ్య అంకుల్ ఎవరింటికి వెళ్ళినా ముందు ఫ్రిజ్ తలుపు తీస్తాడు. వందనాలు, కుర్చీ, మంచినీళ్ళు అన్నీ ఆ తర్వాతే. చెప్పులు గుమ్మంలో విడిచేసి సరాసరి వంటగదిలోకి నడుస్తాడు. తలుపు లాగి, చొక్కా జేబులోంచి థర్మామీటరు తీసి పెరుగుగిన్నె పక్కన నిలబెడతాడు. తలుపు మూసి, చేతులు కట్టుకుని కాపలా కాస్తాడు. మూడు నిమిషాల తర్వాత తీర్పు వస్తుంది.

"తొమ్మిది డిగ్రీలు. ఇది ఫ్రిజ్ కాదమ్మా, బీరువా."

అప్పుడు కూర్చుంటాడు. "పిల్లలు బాగున్నారా?" అని అప్పుడు అడుగుతాడు.

2006 నాటికి ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలిలో మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు పాతిక దాకా ఉండేవి. అందరూ కోస్తా నుంచి వచ్చినవాళ్ళే, ఇంటికో నర్సమ్మ చొప్పున. పాతిక ఫ్రిజ్‌లూ ఆయన పరీక్షలో తప్పాయి. నేను ఇంజనీరింగ్ రెండో ఏడులో వదిలేసి వచ్చినవాణ్ణి, తప్పడం నాకు కొత్త కాదు. ఆడవాళ్ళు మాత్రం అవమానంగా తీసుకునేవారు. ఆయన మెట్లెక్కుతున్నాడని తెలిస్తే కొందరు వంటగదికి గొళ్ళెం పెట్టేవారు. పాస్టరుగారి కొత్త ఫ్లాటులో ప్రార్థన జరుగుతూ అందరం కళ్ళు మూసుకుని ఉండగా, వంటగదిలోంచి టప్‌మని చప్పుడొచ్చింది. పాస్టరుగారు కళ్ళు తెరవకుండానే, "జక్కయ్యగారూ, ఆమెన్ దాకా ఆగండి" అన్నారు.

ఇక కరెంటు పోతే ఆయన్ని పట్టుకోలేం. మా కాలనీలో కరెంటు ఉండటమే వార్త, పోవడం మామూలు. అందరూ విసనకర్రలు వెతుక్కుంటుంటే ఈయన లుంగీ ఎగ్గట్టి మెట్లన్నీ ఎక్కి దిగుతూ అరిచేవాడు. "ఫ్రిజ్ తలుపులు తీయకండి! ఎవరూ తీయకండి!" ఆ తర్వాత తీయలేదని నిర్ధారించుకోడానికి ప్రతి ఇంట్లోనూ తనే తీసి చూసేవాడు.

ఆయన ఉద్యోగం అలాంటిది. ఢిల్లీలో ఓ పెద్ద పరిశోధనశాలలో టెక్నీషియను. ఇరవై ఆరేళ్ళుగా ఎంజైములకు కాపలా. అక్కడి సైంటిస్టులు విదేశాల్లో ఫొటోలు దిగి వస్తారు. ఈయన ఏప్రిల్ ఎండలో కూడా స్వెట్టరేసుకుని చల్లగదిలో సీసాలు లెక్కపెడతాడు. అందుకు ఆయనకి బాధ లేదు. ఆయనకున్న బాధల్లా ఒకటే, ఎంజైమ్ గురించి వినేవాళ్ళు దొరకడం లేదని. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఎవడో ఒకణ్ణి పట్టుకునేవాడు. ఆ ఎవడో ఎక్కువగా నేనే.

"ఒరే ఎరిక్, మా ఎంజైమ్ ఏం చేస్తుందో తెలుసా?"

"తెలుసంకుల్. పోయినవారం చెప్పారు."

"మళ్ళీ విను. క్యాన్సర్ కణం ఉంది చూశావూ, అది మంత్రిలా లాల్ బత్తీ, అదే ఎర్రబుగ్గ కారులో తిరిగే గూండా. ఒంటినిండా చక్కెర లాంటి పూత పూసుకుంటుంది. మన రక్తంలో పోలీసులున్నారు, తెల్లకణాలు. వాళ్ళు ఆ పూత చూసి, అచ్ఛా, మనవాళ్ళేలే అని సెల్యూట్ కొట్టి వదిలేస్తారు."

"మీ ఎంజైమ్ వెళ్ళి ఆ బత్తీ ఊడబీకుతుంది. అప్పుడు పోలీసులు కాలరు పట్టుకుంటారు."

"అబ్బో, నీకెలా తెలుసు?"

"ముప్పయ్యోసారి వింటున్నాను. అంత గొప్పదైతే ఆసుపత్రిలో ఎందుకివ్వరు?"

"ఇంకా ఎలుకల్లో ఉన్నాం."

"పోయినేడూ ఎలుకల్లోనే ఉన్నారు."

"సైన్సంటే ఆటో కాదురా, మీటరు వెయ్యగానే బయల్దేరడానికి."

ఇందులో చిక్కేమిటంటే, లాల్ బత్తీ కథ ఆయన గొంతెత్తి చెప్పేవాడు. ఎలుకల దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గేది, జనం బిర్యానీ వైపు తిరిగేవారు. అలా మా సంఘమంతటికీ సగం కథే తెలుసు. ఎంజైములు క్యాన్సర్‌ని పట్టిస్తాయి, అంతే. ఎలుకల సంగతి నాకొక్కడికే తెలుసు. నాకు తెలిసి ఎవడికి ఉపయోగం?

ఆ ఏడాది ప్రేమకుమారి ఆంటీకి రొమ్ము క్యాన్సర్ అన్నారు. ఆవిడ పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఇరవయ్యేళ్ళుగా డాక్టర్లని కూడా నిలబెట్టి కడిగేసే మనిషి. ఆపరేషన్ అయింది. ఆరు కీమోలు ఎక్కించుకుంటే బతికే అవకాశం బాగా ఉందని డాక్టర్ చెప్పాడు. రెండు ఎక్కించుకునేసరికి జుట్టంతా పోయింది, వాంతులతో సగమైంది. ఇంకా నాలుగు. కూతురు షెరిన్ నోయిడాలో ఉద్యోగం మానేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నేనే వెళ్ళొస్తాను, మా వాళ్ళే కదా ఆసుపత్రిలో" అంది. మేమూ నమ్మాం. ప్రార్థన చేస్తున్నాం కదా అని ఇంకేమీ చేయనక్కర్లేదనుకునే రకం మేమంతా.

సరిగ్గా అప్పుడే ఢిల్లీ ఆ చివరున్న ద్వారక నుంచి టై కట్టుకుని లక్ష్మీపతి దిగాడు. జూన్ నెలలో టై కట్టుకున్నవాణ్ణి ఎవరైనా అనుమానించాలి. మావాళ్ళు కాఫీ ఇచ్చారు. వాడి దగ్గర డబ్బాల్లో పొడి ఉంది. డబ్బా మీద వాడి ఫొటోనే ఉంది. "ఇది ఎంజైమ్ పౌడరండీ. ఒంట్లో రోగనిరోధక శక్తిని నిద్రలేపుతుంది. క్యాన్సర్ గడ్డలు వాటంతటవే..." ఇంకో ఊళ్ళో అయితే ఎంజైమ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగేవారు. మావాళ్ళు అడగలేదు. జక్కయ్య అంకుల్ నోట వేలసార్లు విన్న మాటే కదా! లక్ష్మీపతి పొడికి ఆయన తెలియకుండానే పూచీ పడ్డాడు.

ఆ నెలలోనే ఆంటీని చూడ్డానికి ఆయనతో నేనూ వెళ్ళాను, ఆవిడ ఫ్యాన్ కోసం ఇన్వర్టర్ బ్యాటరీ మోయడానికి. ఆంటీ హాల్లో దివాన్ మీద స్కార్ఫ్ కట్టుకుని పడుకుని ఉంది. ఈయన మామూలుగానే వంటగదిలోకి నడిచి ఫ్రిజ్ తీశాడు. తీసి, అలాగే నిలబడ్డాడు.

"ఎంత అన్నయ్యా?" అని ఆంటీ కేకేసింది.

"నాలుగు డిగ్రీలమ్మా. చాలా బాగుంది."

నేను అదిరిపోయాను. ఆయన ఒక ఫ్రిజ్‌ని పాస్ చేయడం అదే మొదటిసారి. పైగా థర్మామీటరు జేబులోంచి తీయనేలేదు.

మెట్ల మీదికి రాగానే కూలబడ్డాడు.

"ఇంజక్షన్లు అలాగే ఉన్నాయిరా."

"ఏ ఇంజక్షన్లు?"

"కీమో అయ్యాక తెల్లకణాలు పడిపోకుండా రోజుకొకటి పొడుచుకోవాలి. ఐదు. ముందే తెచ్చి పెట్టుకుంది. మూడో కీమో పన్నెండో తారీకు. ఇవాళ ఇరవై రెండు. ఒక్కదానికీ సీలు విప్పలేదు. పై అరలో మాత్రం నాలుగు పొడి డబ్బాలు, వాడి మొహంతో సహా."

"మరి కీమోకి వెళ్ళొచ్చానని చెప్పిందిగా?"

"ఆటో ఎక్కి ఎక్కడో కూర్చుని వచ్చుంటుంది."

"ఇదంతా తలుపు తీసిన ఆ కాస్త సేపట్లో చూశారా?"

"మరి తలుపు తీసేదెందుకనుకున్నావ్?"

"టెంపరేచర్ కోసం."

"టెంపరేచర్ తలుపు మీద చెయ్యేస్తే చెప్తాన్రా. హాల్లో కూర్చోబెట్టి ఎలా ఉన్నారంటే అందరూ 'దేవుని కృప' అనే అంటారు. నువ్వేమన్నావ్, వచ్చిన కొత్తలో? 'బ్రహ్మాండం అంకుల్' అన్నావ్. నీ ఫ్రిజ్‌లో మూడు నీళ్ళ సీసాలు, ఎండిపోయిన నిమ్మచెక్క. ప్రతి ఆదివారం మా ఆవిడ సుభద్ర చేపల పులుసు మిగిలిపోయిందని నీకు కట్టి ఇస్తుంటే ఎలా నమ్మావురా, బుద్ధిలేనోడా?"

నమ్మాను. ఏడాదిగా, సుభద్ర ఆంటీకి పాపం కొలత తెలీదని నా రూంమేట్లతో చెప్పి నవ్వాను కూడా.

"పదండంకుల్, లక్ష్మీపతిని నాలుగు తందాం."

"తంతే వాడు హతసాక్షి అయిపోతాడు, అందరూ వాడి వైపే తిరుగుతారు. ఎంజైమ్ అన్న మాట వీళ్ళకి అలవాటు చేసింది నేను. నువ్వెళ్ళి జెల్లీ పట్రా. ఎముకల జెలటిన్‌తో చేసింది కావాలి. నాచుతో చేసిన శాకాహార రకం పనికిరాదు."

కరోల్ బాగ్‌లో ఆరు దుకాణాలు తిరిగాను. ప్రతివాడూ ఛాతీ మీద చెయ్యేసుకుని, "భయ్యా, మా జెల్లీ ప్యూర్ వెజ్!" అని ఒట్టేశాడు. "నాకు నాన్‌వెజ్ జెల్లీ కావాలి" అంటే, మేక నెత్తురు అడిగినట్టు చూశారు. ఏడోవాడు కౌంటరు కిందినుంచి, కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం ప్రేమకుమారి ఆంటీ ఇంట్లో సభ. జక్కయ్య అంకుల్ లక్ష్మీపతిని కూడా ఎంతో మర్యాదగా పిలిచాడు. "మీ మందు మహిమ అందరికీ చూపిద్దాం, రండి." వాడు ఇంకో కొత్త టైతో వచ్చాడు.

వేడినీళ్ళలో కరిగించిన జెల్లీ కాస్త గోరువెచ్చగా అయ్యాక మూడు గిన్నెల్లో పోశారు. ఒకటి ఉత్తిది. రెండోదాంట్లో పచ్చి అనాసపండు రసం. మూడోదాంట్లో లక్ష్మీపతి పొడి రెండు చెంచాలు. మూడూ ఫ్రిజ్‌లోకి వెళ్ళాయి.

"అనాసలోలాగా ఎంజైమ్ ప్రాణంతో ఉంటే జెల్లీని గడ్డకట్టనివ్వదు, కోసేస్తుంది" అన్నాడు అంకుల్. "నాలుగు గంటలు ఆగాలి."

గంటకే కరెంటు పోయింది. అంకుల్ లేచి ఫ్రిజ్‌కి వీపు ఆనించి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. షెరిన్ మంచినీళ్ళకని వస్తే, "ఒక్క చుక్క ఇవ్వను" అన్నాడు.

"అంకుల్, ప్లీజ్ యార్, మేరా ఘర్ హై!"

"ఇల్లు నీదే. చల్లదనం నాది."

నాలుగు గంటలు గడిచాక గిన్నెలు బయటికొచ్చాయి. ఉత్తి జెల్లీ గడ్డకట్టింది. అనాసపండుది నీళ్ళలాగే ఉంది. మూడోది బోర్లించగానే చెక్కుచెదరని ఆకారంతో లక్ష్మీపతి బూటు మీద పడి, అక్కడే ఠీవిగా కూర్చుంది.

"ఇది ఒంట్లోకి వెళ్ళాక మేలుకుంటుంది సార్" అన్నాడు వాడు.

"మేలుకోడానికి ప్రాణముండాలి కదా బాబూ! ఉన్నా ఏం లాభం? నోట్లో వేసుకున్న ఎంజైమ్ కడుపులో పప్పులాగే అరిగిపోతుంది. గడ్డ దాకా ఏం వెళ్తుంది?"

లక్ష్మీపతికి హఠాత్తుగా ద్వారకలో మీటింగ్ గుర్తొచ్చింది. బూటు తుడుచుకోకుండానే వెళ్ళాడు.

మేం చప్పట్లు కొట్టబోయాం. ప్రేమకుమారి ఆంటీ మాత్రం కదల్లేదు.

"వాడిది పప్పు. ఒప్పుకున్నా. మరి నీది, అన్నయ్యా? ఊడబీకుతుంది, పట్టిస్తుంది అని ఇన్నేళ్ళుగా చెప్తున్నావుగా? మీ చల్లగదిలోంచి ఒక్క సీసా తెచ్చిపెట్టు. నేనే పొడుచుకుంటాను. ఆ కీమో ఇంక నా వల్ల కాదు. మూడోదానికి నేను వెళ్ళలేదు. గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను."

షెరిన్ నోరు తెరిచి తల్లి వంకే చూస్తోంది. జక్కయ్య అంకుల్ ఆంటీ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. ఎంజైమ్ గురించి గొంతు తగ్గించి మొదలుపెట్టడం నేను అప్పుడే చూశాను.

"పోయినసారి ఇరవై ఎలుకలకి ఇచ్చాం ప్రేమా. ఏడు బతికాయి."

"మిగతావి?"

"చచ్చిపోయాయి. ఆ ఏడింటి గురించే నేను ఊరంతా చెప్పాను. పదమూడింటి గురించి ఎవరికీ చెప్పలేదు. చెప్తే వినేవాళ్ళుండరని. అది ఎప్పటికైనా మందు కావచ్చు, నేను పోయాకైనా. ఇవాళ మాత్రం కాదు. నా చల్లగదిలో నీకు మందు లేదమ్మా. ఆ ఆసుపత్రిలో ఉంది."

ఇరవై ఆరేళ్ళ గొప్ప అంతా ఆయన అలా నలుగురి ముందూ నేలమీద పెట్టేశాడు.

"ఆ ఏడింటికీ బొచ్చు ఊడిందా?" అని అడిగింది ఆంటీ.

"లేదమ్మా."

"పెట్టిపుట్టాయి. షెరిన్, ఫోనిలా ఇవ్వు. సోమవారం బెడ్ ఖాళీ ఉందేమో కనుక్కుంటాను."

సోమవారం ఆమె ఒక్కతే వెళ్ళలేదు. షెరిన్, నేను, సెలవంటే ఏమిటో తెలియని జక్కయ్య అంకుల్, ముగ్గురం వెంట వెళ్ళాం. కీమో సీసాలో ఏముందో అంకుల్ వివరించబోయాడు. "నువ్వు నోరు తెరిస్తే నాకు బీపీ పెరుగుతుంది, బయట కూర్చో అన్నయ్యా" అని ఆంటీ తరిమేసింది. ఆయన వరండాలో బెంచీ మీద బుద్ధిగా కూర్చున్నాడు.

పది నిమిషాల తర్వాత లోపలి నుంచి కేకలు వినబడ్డాయి. "ఆ నరం కాదమ్మా, ఇది! చెయ్యి అలా పట్టుకుంటారా? ఏ కాలేజీ నీది? ఎవరు పాస్ చేశారు నిన్ను?"

బెంచీ మీద పక్కనున్న పెద్దాయన కంగారుపడ్డాడు. నెల్లూరువాడు, భార్యను తీసుకొచ్చాడు. "మీ పేషెంటుకి ఎలా ఉందండీ?" అని అడిగాడు.

జక్కయ్య అంకుల్ మొహం వెలిగిపోయింది.

"నర్సుని తిడుతోందండీ" అన్నాడు.